ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్స్) మీద కారు నేర్చుకుంటున్నారా? ఇన్సూరెన్స్ ఇలా చూసుకోండి

"ఎల్‌ఎల్‌ఆర్ వచ్చింది, ఇంట్లో కారుంది. నేర్చుకునేవాళ్లకు వేరే ఇన్సూరెన్స్ తీసుకోవాలా? ఎక్కడైనా గుద్దితే క్లెయిమ్ వస్తుందా?" విజయవాడ, గుంటూరు వైపు నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

వేరే ఇన్సూరెన్స్ అంటూ ఏదీ లేదు. బ్రిటన్ లాంటి చోట్ల నేర్చుకునేవాళ్లకు విడిగా పాలసీలు అమ్ముతారు. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ ఏజెంట్‌ని అడిగితే ఆయన తెల్లమొహం వేస్తాడు, లేదంటే అక్కర్లేనిది ఏదో అంటగడతాడు. మన దగ్గర పాలసీ బండికి ఉంటుంది, నడిపే మనిషికి కాదు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లు నడిపినా ఆ పాలసీ పనిచేస్తుంది. కాకపోతే కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లోని 3వ రూలు (చెల్లే ఎల్‌ఎల్‌ఆర్, పక్కన లైసెన్స్ ఉన్న మనిషి, ఎల్ బోర్డులు) పాటించి ఉండాలి. మామూలు కారు పాలసీల్లో 'డ్రైవర్స్ క్లాజ్' అనే పేరాలో ఈ సంగతి రాసే ఉంటుంది. ఎవరూ చదవరు, అంతే.

అందువల్ల మీ పని రెండు భాగాలు. నేర్చుకునే రోజుల్లో జరిగే రకం నష్టాలకు పనికొచ్చే పాలసీ ఎంచుకోవడం ఒకటి. ప్రమాదం జరిగిన నిమిషానికి ఆ రూలు మీ పక్షాన ఉండేలా చూసుకోవడం రెండోది. రెండోదానికి ఖర్చేమీ లేదు. ఎక్కువమంది క్లెయిమ్ పోగొట్టుకునేది అక్కడే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆర్‌సీ (సి బుక్కు).
- ఇప్పుడున్న పాలసీ పూర్తి కాపీ. మొదటి పేజీ సర్టిఫికెట్ ఒక్కటీ సరిపోదు, షరతులున్న పేజీలు కూడా కావాలి.
- మీ ఎల్‌ఎల్‌ఆర్.
- పక్కన కూర్చుని నేర్పే మనిషి డ్రైవింగ్ లైసెన్స్.
- కారుకి సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ బయట బిగించి ఉంటే దాని బిల్లు.
- ఎల్ బోర్డులు రెండు.

1. ముందు రెండు లైసెన్సులూ చూడండి

పాలసీల సంగతి తర్వాత. మీ ఎల్‌ఎల్‌ఆర్‌లో ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలికపాటి బండ్లు) అని ఉందా? బైకు కోసం తీసుకున్న ఎల్‌ఎల్‌ఆర్‌లో ఎంసీడబ్ల్యూజీ (గేర్ల బైకు) ఒక్కటే ఉంటుంది. అది కారుకి చెల్లదు. గడువు 6 నెలలు. జారీ అయిన 30 రోజుల తర్వాత పర్మనెంట్ లైసెన్స్ పరీక్షకు వెళ్లొచ్చు. "రేపు మాపు" అంటూ ఆరు నెలలు దాటించి, అదే కాగితంతో బండి తీస్తే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క.

ఇప్పుడు నేర్పేవాళ్ల లైసెన్స్. రూలు ప్రకారం పక్కన కూర్చునే మనిషికి కారు నడిపే లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి. బండిని అదుపు చేయగల, ఆపగల చోట కూర్చోవాలి. అంటే ముందు ఎడమ సీటు, హ్యాండ్ బ్రేక్ చేతికి అందేలా. వెనక సీట్లో కూర్చుని "ఎడమకి తిప్పు, కుడికి తిప్పు" అని చెప్పడం ఇందులోకి రాదు. మన ఇళ్లలో తరచూ కనిపించే చిక్కు ఏంటంటే, ఇరవై ఏళ్ల నుంచి కారు నడుపుతున్న మావయ్యగారి లైసెన్స్‌లో బైకు ఒక్కటే ఉండటం, లేదా దాని గడువు తీరి రెండేళ్లు అయి ఉండటం. నడపడం వచ్చినంత మాత్రాన సరిపోదు, కార్డు మీద ఉండాలి. పరివాహన్ సారథి సైట్‌లో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొడితే ఏయే బండ్లకు, ఎప్పటిదాకా చెల్లుతుందో వచ్చేస్తుంది.

ఎల్ బోర్డు కొలత కూడా రూల్లోనే ఉంది. తెల్లటి బోర్డు 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు. దాని మీద ఎర్ర అక్షరం కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల మందం, అడుగున 9 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. ఏ4 కాగితంలో ఇది చక్కగా పడుతుంది. ప్రింట్ తీయించి లామినేషన్ చేయించి, ముందొకటి వెనకొకటి బయటివైపు అంటించండి. వెనక అద్దం లోపల పెడితే నల్లగా ఉండే గాజు వెనక కనిపించదు. కొందరు ఆరెంజ్ రంగు ఫ్యాన్సీ స్టిక్కర్లు వేస్తున్నారు. రూలు చెప్పిన రంగు ఎరుపు, తెల్లటి నేల మీద.

18 ఏళ్లు నిండని పిల్లలకు కారు ఎల్‌ఎల్‌ఆరే ఇవ్వరు. వాళ్ల చేతికి స్టీరింగ్ ఇస్తే ఏ పాలసీ ఆదుకోదు. మోటారు వాహన చట్టం 199ఎ సెక్షన్ కింద బండి యజమానికి, సంరక్షకుడికి 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ కూడా ఏడాదిపాటు రద్దవుతుంది.

2. ఆర్‌సీలో పేరు, పాలసీలో పేరు ఒకటేనా?

నేర్చుకోవడానికని పాత ఆల్టోనో వ్యాగన్‌ఆర్‌నో కొనేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. సెకండ్ హ్యాండ్ బండి చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ రక్షణ (అవతలివాళ్లకు జరిగే నష్టానికి) దానంతటదే కొత్త యజమానికి వస్తుంది. బండికి జరిగే నష్టాన్ని చూసే ఓన్ డ్యామేజ్ భాగం అలా రాదు. 14 రోజుల్లోగా కంపెనీకి అర్జీ పెట్టి పేరు మార్పించుకోవాలి. "పాలసీ ఇంకా ఎనిమిది నెలలుంది సార్, టెన్షన్ లేదు" అని అమ్మినాయన చెప్పేది నిజమే, కానీ అది ఆయన పేరు మీద ఉంది.

నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిమ్ చేయని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా మనిషిది, బండిది కాదు. పాత యజమాని సంపాదించుకున్న 50 శాతం మీకు రాదు. పేరు మార్చేటప్పుడు ఆ తేడా కట్టించుకుంటారు. కట్టేయండి. దాచిపెట్టి కొత్త పాలసీలో అదే బోనస్ వాడుకుంటే అబద్ధపు డిక్లరేషన్ అవుతుంది. క్లెయిమ్ రోజున కంపెనీ మొట్టమొదట పట్టుకునేది దాన్నే.

గ్యాస్ కిట్ ఉంటే ఆర్‌సీలోనూ పాలసీలోనూ రెండు చోట్లా నమోదై ఉండాలి. హైదరాబాద్‌లో కొన్న బండి అయితే ఇంకో మాట. ప్రీమియం లెక్కలో హైదరాబాద్ ఎ జోన్, విజయవాడ, గుంటూరు బి జోన్. బి జోన్‌లో ఓన్ డ్యామేజ్ రేటు కొద్దిగా తక్కువ. బండిని ఇక్కడికి రిజిస్ట్రేషన్ మార్చుకున్నాక ఆ సంగతి కంపెనీకి చెప్పి పాలసీలో నంబరు, జోన్ సరిచేయించండి.

3. థర్డ్ పార్టీ ఒక్కటేనా, ఫుల్ ఇన్సూరెన్సా?

థర్డ్ పార్టీ చట్టప్రకారం తప్పదు. లేకుండా దొరికితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా, జైలు శిక్షకు కూడా వీలుంది. అది మీరు గుద్దిన అవతలివాళ్లకు చెల్లిస్తుంది. మీ కారు సొట్టలకు రూపాయి ఇవ్వదు.

కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ మొదట్లోనే కట్టించుకుంటారు కాబట్టి మీరు నిర్ణయించుకోవాల్సింది ఓన్ డ్యామేజ్ గురించే. అయిదేళ్లలోపు కారు మీద నేర్చుకుంటుంటే ఫుల్ (థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ రెండూ) తీసుకోండి, ఇందులో రెండో ఆలోచన వద్దు. పది పన్నెండేళ్ల పాత బండి, ఐడీవీ (బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) లక్షలోపు పడుతుంటే థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవడం తెలివైన పనే. ఆ వయసు బండికి ఇనుప భాగాల మీదే సగం తరుగు కోస్తారు. చిన్న సొట్టలకు ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ చేయించుకుంటే క్లెయిమ్ కన్నా చవగ్గా తేలుతుంది.

కాకపోతే థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నప్పుడు పక్కన కూర్చున్న మీ మావయ్యగారికి దెబ్బ తగిలితే కంపెనీలు వాదానికి దిగుతాయి. సొంత కారులో ఊరికే ఎక్కినవాళ్లు థర్డ్ పార్టీ కిందకు రారంటాయి. ఫుల్ పాలసీలో ఈ గొడవ లేదు. థర్డ్ పార్టీతోనే నడపదలిస్తే కనీసం ప్రయాణికుల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ జోడించండి.

4. కొటేషన్లు పోల్చేటప్పుడు ఏ అంకె చూడాలి?

థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది. ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏడాది రేట్లు: 1000 సీసీ వరకు 2,094 రూపాయలు, 1000 దాటి 1500 సీసీ వరకు 3,416, అంతకు మించితే 7,897. వీటిమీద 18 శాతం జీఎస్‌టీ. ఆల్టో లాంటి చిన్న కారుకి అన్నీ కలిపి 2,471 అవుతుంది. కొటేషన్‌లో ఇంతకంటే ఎక్కువ కనిపిస్తే కొత్త రేట్లు వచ్చాయా అని అడగండి. రాకపోతే అందులో ఇంకేదో కలిపారన్నమాట.

"మా కంపెనీ థర్డ్ పార్టీ చవక" అనే ఏజెంట్ మాట అందుకే నిలవదు. పోల్చాల్సింది ఓన్ డ్యామేజ్ ఒక్కటే. దాన్నీ ఒకే ఐడీవీ మీద పోల్చాలి. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపించడం పాత ఎత్తు. కొత్త కారు లిస్టు ధర నుంచి వయసును బట్టి తరుగు తీస్తారు: ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, అయిదేళ్లలోపు 50. రెండున్నరేళ్ల కారు లిస్టు ధర 6 లక్షలైతే ఐడీవీ 4,20,000 దగ్గర ఉండాలి. ఒక కొటేషన్‌లో 3,50,000 కనిపిస్తే అది చవక కాదు, కోత.

కొత్త కారు కొంటున్నప్పుడు షోరూమ్‌లో ఇచ్చే పాలసీయే తీసుకోవాలన్న నిబంధన లేదు. వాళ్ల కొటేషన్ చేతికి తీసుకోండి, అదే ఐడీవీ, అవే యాడ్ ఆన్లతో (అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్లు) బయట మరో రెండు అడగండి. తేడా చూపించగానే షోరూమ్ వాళ్లే దిగొస్తారు చాలాసార్లు.

5. నేర్చుకునేవాళ్లకు అక్కరకొచ్చే యాడ్ ఆన్లు

కొత్త చేతులు చేసే నష్టం ఎలాంటిదో ఆలోచించండి. బంపర్లు, అద్దాలు, తలుపుల మీద గీతలు, హెడ్‌లైట్. బెజవాడ వన్‌టౌన్ సందుల్లోనో గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలోనో నేర్చుకుంటే ఎడమ వైపంతా గీతలే. ఇవన్నీ దాదాపు ప్లాస్టిక్, రబ్బరు, పెయింటు. తరుగు ఎక్కువ కోసేది సరిగ్గా వీటిమీదే. ప్లాస్టిక్, రబ్బరుకి బండి వయసుతో పనిలేకుండా 50 శాతం తీసేస్తారు. గాజుకి కోత లేదు.

ఒక బిల్లు చూద్దాం. ముందు బంపర్ 6,000, పెయింటింగ్ 4,000, కూలీ 1,000. మొత్తం 11,000. బంపర్ మీద సగం, 3,000 పోతుంది. పెయింటింగ్‌లో పావు వంతు మెటీరియల్ కింద లెక్కేసి దానిలో సగం, 500 పోతుంది. తప్పనిసరిగా మీరు భరించాల్సిన మొత్తం 1500 సీసీలోపు కారుకి 1,000. కంపెనీ ఇచ్చేది 6,500, మీ జేబులోంచి 4,500. అదే తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ యాడ్ ఆన్ ఉంటే (మనవాళ్లు 'బంపర్ టు బంపర్' అనేది దీన్నే) మీరు కట్టేది 1,000 మాత్రమే.

అందుకే జీరో డెప్ మొదటిది. చాలా కంపెనీలు అయిదేళ్లలోపు కార్లకే ఇస్తాయి, ఏడాదికి రెండు క్లెయిమ్‌లకు పరిమితం చేస్తాయి. ఎన్నిసార్లని అడిగి, ఆ అంకె పాలసీలో ఉందో లేదో చూడండి.

ఎన్‌సీబీ ప్రొటెక్ట్ రెండోది. 35 శాతం, ఆపైన బోనస్ ఉన్న కుటుంబ కారు మీద నేర్చుకుంటుంటే తప్పకుండా అడగండి. ఒక్క క్లెయిమ్‌తో బోనస్ సున్నాకి పడిపోతుంది. ఆ నష్టం లెక్క 8వ అంశంలో ఉంది.

ఇంజిన్ ప్రొటెక్ట్ బెజవాడవాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కార్లు నీళ్లలో మునిగిపోయినప్పుడు ఈ ముక్క అందరికీ అర్థమైంది. నీళ్లలో మునిగిన కారు శుభ్రం చేయడం, సీట్లు, వైరింగు లాంటివి ఫుల్ పాలసీలో వస్తాయి. కానీ నీళ్లలో ఆగిన ఇంజిన్‌ని మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీరు చేరి లోపల రాడ్లు వంగిపోతాయి. ఆ నష్టం మీ చేష్ట వల్ల జరిగిందని మామూలు పాలసీ కింద ఇవ్వరు. కొత్తగా నేర్చుకునేవాళ్లు బండి ఆగగానే కంగారులో తాళం తిప్పుతూనే ఉంటారు. నీళ్లలో ఆగితే తాళం ముట్టుకోకుండా దిగి, తోయించండి.

వద్దనుకోవాల్సింది వాలంటరీ డిడక్టిబుల్. "మొదటి 2,500 నేనే పెట్టుకుంటా" అంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు, కానీ పాత టారిఫ్ లెక్కలో ఆ తగ్గింపు 750 రూపాయలు దాటదు. పదేళ్లుగా గీత పడకుండా నడిపేవాళ్లకు అది బేరం. ఎల్‌ఎల్‌ఆర్ మీద ఉన్నవాళ్లకు 750 కోసం ప్రతి క్లెయిమ్‌కీ 2,500 వదులుకోవడమే. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ప్రీమియం తగ్గించి చూపడానికి ఇది ముందే టిక్ అయి ఉందేమో గమనించండి.

క్లచ్ ప్లేట్ సంగతి చాలామంది అడుగుతారు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు హాఫ్ క్లచ్ మీద నిలబెట్టి కాల్చేస్తే అది అరుగుదల. ఏ పాలసీలోనూ రాదు.

6. ఎవరూ అడగని రెండు గళ్లు

మొదటిది టీపీపీడీ, అంటే అవతలివాళ్ల ఆస్తినష్టం. మామూలుగా దీని పరిమితి 7,50,000 రూపాయలు. దీన్ని 6,000కి తగ్గించుకుంటే థర్డ్ పార్టీ ప్రీమియంలో 100 రూపాయలు తగ్గుతుంది. నూరు రూపాయలు! ఏజెంటు పోటీ కొటేషన్ కోసం దీన్ని తగ్గించేస్తాడు, మీకు చెప్పడు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బ్రేక్ బదులు యాక్సిలరేటర్ తొక్కి ముందున్న కారుని గుద్దితే 6,000కి దాని వెనక లైటు కూడా రాకపోవచ్చు. పాలసీలో 'లిమిట్స్ ఆఫ్ లయబిలిటీ' అన్నచోట 7,50,000 ఉందా, 6,000 ఉందా చూడండి. 6,000 ఉంటే వెంటనే మార్పించండి.

రెండోది మనిషి. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్ డ్రైవర్‌కి మాత్రమే. కారు భర్త పేరు మీద ఉంది, నేర్చుకునేది భార్య. ప్రమాదంలో ఆమెకేమైనా అయితే ఆ 15 లక్షలు ఆమెకు వర్తించవు. ఆమె పొరపాటు వల్లే ప్రమాదమైతే థర్డ్ పార్టీ కింద కూడా రావు. ఇంతకంటే పెద్ద కన్నం ఈ మొత్తం వ్యవహారంలో ఇంకోటి లేదు, మూయడం మాత్రం తేలిక. ఆమె పేరు రాయించి కారు పాలసీలోనే పీఏ కవర్ తీసుకోవచ్చు. అంతకన్నా మంచిది, ఆమె పేరు మీద విడిగా ఏడాది పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. బస్సులో ఉన్నా బండి మీద ఉన్నా అది పనిచేస్తుంది.

కారు మీ పేరు మీదే ఉండి, మీకు ఏ లైసెన్సూ లేని స్థితిలో పాలసీ తీసుకుంటుంటే ఓనర్ డ్రైవర్ కవర్‌కి డబ్బు కట్టి ఉపయోగం లేదు. చెల్లే లైసెన్స్ లేనివాళ్లకు అది వర్తించదు. ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక జోడించుకోండి, ఆ మాట కంపెనీ నుంచి మెయిల్‌లో రాయించుకోండి.

7. పాలసీ చేతికొచ్చాక పది నిమిషాల తనిఖీ

కట్టిన రోజే చేయండి. తప్పుంటే అప్పుడు దిద్దించడం ఒక మెయిల్‌తో అయిపోతుంది. ప్రమాదం తర్వాత దిద్దించడం కుదరదు.

- పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు: ఆర్‌సీ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం.
- ఇంధనం, సీసీ, తయారైన సంవత్సరం.
- ఐడీవీ, మీరు ఒప్పుకున్నదేనా.
- ఎన్‌సీబీ శాతం. నిరుడు క్లెయిమ్ చేసి ఉంటే ఇక్కడ సున్నా ఉండాలి.
- యాడ్ ఆన్ల పేర్లు షెడ్యూల్‌లో అచ్చయ్యాయా. ఏజెంట్ నోటిమాట యాడ్ ఆన్ కాదు.
- టీపీపీడీ 7,50,000.
- డ్రైవర్స్ క్లాజ్‌లో లెర్నర్స్ లైసెన్స్, రూల్ 3 ప్రస్తావన.
- నామినీ పేరు.

తర్వాత ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్స్ గడువు కనిపిస్తోందో లేదో చూడండి. నకిలీ కాగితాలు చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. కొన్ని రోజులు గడిచినా అక్కడ కొత్త గడువు రాకపోతే పాలసీ నంబరుతో నేరుగా కంపెనీకి ఫోన్ చేయండి, ఏజెంట్‌కి కాదు.

పాత పాలసీ మురిగిపోయి ఉంటే ఓన్ డ్యామేజ్ ఇచ్చే ముందు బండి ఫొటోలు గానీ వీడియో గానీ అడుగుతారు. ఉన్న సొట్టల్ని దాచకండి. మురిగి 90 రోజులు దాటితే ఎన్‌సీబీ పోతుంది.

8. గుద్దేశారు. ఇప్పుడు?

ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు 108, తర్వాత పోలీసులు. అలాంటప్పుడు రోడ్డు మీద డబ్బిచ్చి సర్దుబాటు చేసుకోకండి. మీరు ఒప్పుకున్న తప్పుకీ ఇచ్చిన మాటకీ కంపెనీ కట్టుబడదని పాలసీ షరతుల్లోనే ఉంటుంది.

దెబ్బలేమీ లేకపోతే బండి కదిపే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ముందూ వెనకా ఎల్ బోర్డులు అంటించి ఉన్నట్టు కనిపించే ఫొటోలు అందులో తప్పకుండా ఉండాలి. నేర్పే మనిషి లైసెన్స్ కాపీ ఫోన్‌లో ఉంచుకోండి. కంపెనీకి వెంటనే చెప్పండి. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందే షెడ్డులో విప్పించకండి.

ఇక సీటు మార్చే సంగతి. ప్రమాదం కాగానే ఎల్‌ఎల్‌ఆర్ మనిషి దిగి, "లైసెన్స్ ఉన్న ఆయనే నడిపాడని చెబుదాం" అంటారు. మంచి చేద్దామనే అంటారు, మునిగేది అక్కడే. ఎల్‌ఎల్‌ఆర్, ఎల్ బోర్డులు, పక్కన లైసెన్స్ ఉన్న మనిషి, ఈ మూడూ ఉంటే మీది న్యాయమైన క్లెయిమ్. లెర్నర్స్ లైసెన్స్ కూడా లైసెన్సేనని స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అబద్ధం చెబితే, ఇచ్చి ఉండాల్సిన క్లెయిమ్‌ని తిరస్కరించడానికి కంపెనీకి మీరే కారణం ఇచ్చినట్టు. కూడళ్లలో సీసీ కెమెరాలున్నాయి.

రూలు పాటించకుండా దొరికితే ఏమవుతుంది? మీ బండి నష్టం రాదు. అవతలివాళ్లకు కోర్టు కంపెనీ చేత ఇప్పించినా, ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఇవ్వొచ్చు. పెద్ద ప్రమాదమైతే అది లక్షల్లో మాట.

చిన్న నష్టమైతే క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది కాగితం మీద తేల్చుకోండి. పైన చెప్పిన బంపర్ బిల్లునే తీసుకుందాం. ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్ తీయకముందు 8,000 అనుకోండి, ఇప్పుడు 35 శాతం బోనస్ ఉంది. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడాది 45 శాతంతో 4,400 కడతారు. చేస్తే బోనస్ సున్నా, 8,000. తేడా 3,600. ఆపై ఏడాది 50 శాతానికి బదులు 20 శాతం: 4,000కి బదులు 6,400, తేడా 2,400. మూడో ఏడాది 25 శాతం: తేడా 2,000. మొత్తం 8,000, దాని మీద జీఎస్‌టీ. 6,500 క్లెయిమ్ కోసం 8,000 పైచిలుకు పోగొట్టుకున్నట్టు. (ఏటా ఐడీవీ తగ్గుతుంది కాబట్టి అసలు అంకె కొంచెం తక్కువే ఉంటుంది, కానీ మొగ్గు మారదు.) బోనస్ సున్నా లేదా 20 శాతం ఉన్నవాళ్లకు లెక్క వేరుగా వస్తుంది, మీ అంకెలతో వేసుకోండి.

డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంటుంటే

బండి వాళ్లది, పాలసీ వాళ్లది. చేరే రోజే పాలసీ కాపీ చూపించమనండి. డబ్బు తీసుకుని నేర్పే కారుకి డ్రైవింగ్ ట్యూషన్ కోసమని పాలసీలో రాసి ఉండాలి. మామూలు ప్రైవేటు కారు పాలసీతో నడిపే చోటుకి ఫీజు తక్కువైనా వెళ్లకండి. మీ కారుని మీరే పక్కింటివాళ్లకు గంటకింత అని నేర్చుకోవడానికి ఇచ్చినా అద్దెకిచ్చినట్టే అవుతుంది, మీ పాలసీ చెల్లదు.

కంపెనీ కాదంటే

తిరస్కరణ కారణం రాతపూర్వకంగా తీసుకోండి. రూల్ 3 పాటించలేదని రాస్తే మీ ఫొటోలు, రెండు లైసెన్సుల కాపీలు జోడించి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి. ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల నియంత్రణ సంస్థ) వారి బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబరుకి ఫిర్యాదు చేయొచ్చు. 30 రోజుల్లో తేలకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, ఆంధ్రప్రదేశ్‌వాళ్లు వెళ్లాల్సింది హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.

పర్మనెంట్ లైసెన్స్ వచ్చాక

పాలసీలో మార్చాల్సిందేమీ లేదు. ఎల్ బోర్డులు తీసేయండి, కొత్త లైసెన్స్ కాపీ పాలసీతో పాటు ఉంచుకోండి. జీరో డెప్ మాత్రం లైసెన్స్ వచ్చింది కదా అని ఆ ఏడాదే మానేయకండి. పక్కన చెప్పే మనిషి లేకుండా ఒక్కరే బండి తీసే మొదటి రోజులు అవే.